మబ్బు పడితే లైటు పెరగాలి, ఎండొస్తే తగ్గాలి: మగ్గం షెడ్డుకి ఏం పెట్టించాలి?

పర్లాకిమిడి_మగ్గం

అందరికీ నమస్కారం. లైట్ల గురించి ఒక సంగతి అడగాలి. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మాది పర్లాకిమిడి. మగ్గం వర్క్ బ్లౌజులు చేస్తాం, నాతో కలిపి అయిదుగురం. ఇంటి వెనక ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు షెడ్డు, అందులో మూడు మగ్గాలు. 2018లో తిత్లీ తుఫానుకి రేకులన్నీ లేచిపోయాయి. మళ్ళీ వేయించినప్పుడు మా ఆయన "పగలు కరెంటు దండగ" అని నడిమధ్య రెండు ఫైబర్ రేకులు వేయించారు, వెలుగు దిగేవి. మంచి పనే. కాకపోతే మహేంద్రగిరి వైపు నుంచి మబ్బులు వస్తుంటాయి, పోతుంటాయి. ఇప్పుడు మగ్గం మీద కళ్ళు చెదిరే ఎండ, ఇంకో నిమిషానికి సాయంత్రమైపోయినట్టు. ఫోనులో లక్స్, అంటే ఒక చోట పడే వెలుతురు లెక్క, కొలిచే యాప్ వేసుకుని చూశాను. మధ్యాహ్నం పన్నెండింటికి ఫైబర్ రేకు కింద 3,000, అప్పుడే మూల మగ్గం దగ్గర 180. మబ్బు పట్టాక రేకు కింద 700, మూలన 60. రాత్రి లైట్లన్నీ వేస్తే మగ్గాల మీద 420.

ఆరీ సూది పని తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పై చేత్తో సూది దించుతాం, గుడ్డ కింద రెండో చెయ్యి దారం అందిస్తుంది, ఆ చెయ్యి కనపడదు. కంటికి ఆధారం గుడ్డ మీద గీత ఒక్కటే. ముదురు గుడ్డ మీద తెల్ల ట్రేసింగ్ అయితే ఎలాగో నెట్టుకొస్తాం. హాఫ్‌వైట్ పట్టు మీద లేత నీలం గీత అనుకోండి, వెలుతురు తగ్గితే ఆ గీత గుడ్డలో కలిసిపోతుంది. అర నూలు పక్కకి పోయిన కుట్టు మర్నాడు పొద్దున్నే కనిపిస్తుంది, అప్పుడు విప్పుకోవాలి.

షెడ్డులో 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీ లైట్లు ఎనిమిది ఉన్నాయి. పొద్దస్తమానం ఎవరో ఒకరు లేచి వేయడం, ఇంకొకరు ఆర్పడం. మా దగ్గర ఇద్దరు ఒడియా అమ్మాయిలున్నారు, నన్ను నానీ అంటారు, అక్కా అని. "నానీ లైటు, నానీ లైటు" అని రోజంతా ఇదే పాట. దాంతో ఇక్కడి కుర్రాడొకణ్ణి పిలిపిస్తే వీధిలైట్లకి పెట్టే సెన్సర్ ఒకటి తెచ్చి దూలానికి బిగించాడు. చీకటి పడితే అదే వేస్తుంది, వెలుగొస్తే అదే ఆర్పుతుంది అన్నాడు. మొదటి రోజు చప్పట్లు కొట్టాం. రెండో రోజు ఆషాఢం మబ్బు. వెలగడం, ఆరడం, వెలగడం, ఆరడం. సాయంత్రానికి ఇంకో వింత. లైటు వెలగ్గానే ఆ వెలుగు సెన్సర్ కంట్లోనే పడి, తెల్లారిందనుకుని ఆర్పేస్తోంది. ఆరగానే చీకటనుకుని మళ్ళీ వేస్తోంది. తలనొప్పి అని ఒకమ్మాయి ఇంటికెళ్ళిపోయింది. మూడో రోజు చూస్తే అంతా నిలకడగా వెలుగుతోంది. ఏటయిందా అని నిచ్చెనెక్కితే సెన్సర్ కన్ను మీద ఎవరో స్టిక్కర్ బొట్టు అంటించేశారు! ఎవరని నేను అడగలేదు. ఆ రోజు పని బాగా సాగింది.

శ్రావణం పెళ్ళిళ్ళ ఆర్డర్లు నెత్తి మీదున్నాయి. ఇలా టక్కున వెలిగి టక్కున ఆరడం కాకుండా, బయట వెలుగు ఎంత తగ్గితే లైటు అంతే పెరిగే ఏర్పాటు ఏదైనా ఉందా? ఉన్న లైట్లకే ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టి చూశాం, గుయ్యిమని మోత, రెపరెపలు. ఇంకొకటి, ఇది లైట్ల తప్పో నా తప్పో తెలీదు. మొన్న సాయంత్రం లైట్ల కింద మెరూన్ పట్టుకి మెరూన్ దారం సరిగ్గా కలిసిందని కుట్టించాను. పొద్దున్న అరుగు మీద చూస్తే దారం ఇటుక రంగు. బ్లౌజు చెయ్యి మొత్తం విప్పి రాత్రికి రాత్రి మళ్ళీ కుట్టాం.

బరంపురం_వైర్‌మ్యాన్

అక్కా, ముందు ఆ బొట్టు పెట్టిన అమ్మాయికి నా నమస్కారం. రోగం సరిగ్గా కనిపెట్టింది.

వీధిలైటు సెన్సర్‌కి రెండే మాటలు తెలుసు, వెయ్యి, ఆర్పు. సంజెకోసారి, తెల్లారోసారి పని చేయడానికి దాన్ని చేశారు. మబ్బులు లెక్కపెట్టడానికి కాదు. పైగా అది తను వేసిన లైటు వెలుగు తన కంట్లో పడని చోట ఉండాలి. వీధి స్తంభం మీద దాన్ని దీపానికి పైన, ఆకాశం వైపు పెట్టేది అందుకే.

ఫ్యాన్ రెగ్యులేటర్ ఈ రోజే తీసేయండి. మీ పట్టీ లైటు లోపల డ్రైవర్ అని చిన్న బోర్డుంటుంది, 230 వోల్టుల కరెంటుని ఎల్‌ఈడీలకి పనికొచ్చేలా మార్చేది అదే. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు ఒక్కో అలలో కొంత ముక్క కోసి పంపుతుంది. డిమ్మింగ్‌కి, అంటే వెలుగు తగ్గించడానికి, చేయని డ్రైవర్‌కి అది అర్థం కాదు. మోత అందుకే. కొన్నాళ్ళకి వేడెక్కి పోతుంది కూడా.

మీకు కావలసింది డిమ్మబుల్ డ్రైవర్. షాపులో "జీరో టు టెన్" అని అడగండి. కరెంటు వైర్లు కాక ఇంకో రెండు సన్న వైర్లుంటాయి. వాటి మీద 10 వోల్టులు పంపితే నిండు వెలుగు, 1 వోల్టు పంపితే బాగా తక్కువ. చాలా డ్రైవర్లు అక్కడితో ఆగుతాయి, పూర్తిగా ఆరవు, ఆర్పడానికి రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, వేరే పెట్టాలి. ఆ సన్న వైర్లకి ప్లస్ మైనస్ ఉంది, తిరగేయకండి. కరెంటు వైర్లతో ఒకే పైపులో లాగొద్దు.

ఇవన్నీ కొనకముందు ఒక పని చేయించండి. ఎనిమిది లైట్లూ ఒకే స్విచ్ మీదున్నట్టున్నాయి. రేకు కింది నాలుగు ఒక లైను, మూలల్లోవి నాలుగు ఇంకో లైను చేయించండి. మీ అంకెల్లోనే కనపడుతోంది, రేకు కింద 3,000 ఉన్నప్పుడు మూలన 180. ఆ రెండు చోట్లకీ ఒకే మందు ఎలా సరిపోతుంది?

రాయగడ_సర్క్యూట్

అన్న చెప్పిన డ్రైవర్ల మీదే నేను మిగతాది చెప్తాను. నేను కాలేజీ ల్యాబులో ఇలాంటిది చేశాను, దెబ్బలు తిని నేర్చుకున్నవే ఇవి.

బీహెచ్1750 అని లక్స్‌లోనే లెక్క చెప్పే చిన్న సెన్సర్ దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో రెండొందల లోపే. దాన్ని ఈఎస్‌పీ32 బోర్డుకి, అంటే ప్రోగ్రాం రాసి పెట్టుకునే చిన్న కంప్యూటర్ లాంటిదానికి, కలపాలి. బోర్డు ఇచ్చేది 3.3 వోల్టులే కాబట్టి మధ్యలో దాన్ని 0–10 వోల్టులుగా మార్చే మాడ్యూల్ ఒకటి కావాలి. ప్రోగ్రాం చిన్నది. కావలసిన వెలుగు ఇంత, ఉన్నది ఇంత, తేడా ఉంటే లైటు కొంచెం పెంచు లేదా తగ్గించు. అంతే.

ఆ "కొంచెం"లోనే అంతా ఉంది. ప్రతి చిన్న తేడాకీ కదిలితే మీ వీధిలైటు కథే మళ్ళీ. అందుకని 600 కావాలనుకుంటే 550 నుంచి 650 దాకా ఏమీ చేయొద్దని చెప్పాలి. మబ్బు పడితే పది సెకన్లలో పెంచండి, ఎందుకంటే అప్పుడు సూది గుడ్డలో ఉంటుంది. ఎండొస్తే మూడు నాలుగు నిమిషాలు తీసుకుని మెల్లగా తగ్గించండి, ఎవరికీ తెలియదు. కన్ను మామూలు లెక్క చెప్పదు. వెలుగు నాలుగో వంతుకి పడిపోతే కంటికి సగం అయినట్టే ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. అందరూ సెన్సర్‌ని పైకప్పుకి పెట్టి కింద బల్ల వైపు చూపించమంటారు. ఆఫీసులో బల్ల రంగు మారదు. మీ మగ్గం మీద ఇవాళ హాఫ్‌వైట్, రేపు ముదురు మెరూన్ వెల్వెట్. సెన్సర్‌కి కనిపించేది గుడ్డ మీద పడి వెనక్కొచ్చిన వెలుగు. మెరూన్ దాన్ని మింగేస్తుంది. వెలుగు బాగానే ఉన్నా చీకటనుకుని లైట్లు నిండుగా పెట్టేస్తుంది. తెల్ల గుడ్డ బిగిస్తే తగ్గించేస్తుంది, సరిగ్గా మీకు గీత కనపడనప్పుడు! కాబట్టి సెన్సర్‌ని మగ్గం వైపు కాకుండా సున్నం వేసిన గోడ వైపు చూపించండి. ఆ గోడకి ఏమీ తగిలించకండి.

ఇంకోటి. రాత్రి మీ లైట్లన్నీ వేసినా 420 అన్నారు. సన్న కుట్టుకి 750 దాకా ఉండాలంటారు. ఉన్న లైట్లకి సత్తా లేకపోతే ఆటోమేటిక్ ఏం చేస్తుంది, సాయంత్రమంతా 100 శాతం దగ్గర కూర్చుంటుంది. లైట్లని గొలుసుతో రెండడుగులు కిందికి దించండి, ముందు అది చేసి కొలవండి.

గుణుపురం_మాస్టారు

అమ్మా, నేను రిటైరైన సైన్సు టీచర్ని. పిల్లలు చెప్పినవి బాగున్నాయి గానీ డబ్బు లెక్క ఎవరూ చెప్పలేదు. ఎనిమిది ఇరవైలు 160 వాట్లు. పది గంటలకి 1.6 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా రోజుకి పదకొండు రూపాయలు. ఈ యంత్రం సగం ఆదా చేసిందనుకోండి, నెలకి పాతిక రోజుల పనికి నూట నలభై. ఎనిమిది డ్రైవర్లు, బోర్డు, కూలి ఎన్నేళ్ళకి తిరిగొస్తాయో మీరే లెక్క వేసుకోండి. కరెంటు కోసమైతే వద్దు. కళ్ళ కోసమైతే ఆలోచించండి.

నా దృష్టిలో మొదటి దొంగ ఆ ఫైబర్ రేకు. తేటగా ఉంటే ఎండని ముక్కగా కిందికి దించుతుంది. పాలరంగుది వేస్తే అదే వెలుగు గదంతా పరుచుకుంటుంది, 3,000కీ 180కీ మధ్య అంత అగాధం ఉండదు. కొత్తది కొనలేకపోతే కింద తెల్ల మల్లు గుడ్డ కట్టండి. మీ షెడ్డులో గుడ్డకి కరువా?

సెన్సర్ ఎక్కడ పెట్టినా ఎండ ముక్క నడిచే దారిలో పెట్టకండి. పర్లాకిమిడి దాదాపు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నడుమ ఒకసారి, జూలై ఆఖరులో ఒకసారి సూర్యుడు మీకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు మధ్యాహ్నం ఎండ ముక్క రేకు కిందే పడుతుంది. ఆ రెండింటి మధ్యలో కాస్త ఉత్తరం నుంచి వస్తాడు కాబట్టి ముక్క దక్షిణానికి ఒక అడుగు జరుగుతుంది. డిసెంబరులో మధ్యాహ్నానికి కూడా 48 డిగ్రీల ఎత్తే ఎక్కుతాడు. మీ రేకు పదకొండు అడుగుల ఎత్తునుంటే అదే ముక్క పదడుగులు ఉత్తరానికి వెళ్ళి పడుతుంది. జూలైలో చూసి "ఇక్కడ ఎండ రాదు" అని ఉత్తరపు గోడ ఎంచుకుంటే సంక్రాంతి ముందు మోసపోతారు.

పర్లాకిమిడి_మగ్గం

మాస్టారూ, మీ పదకొండు అడుగులు ఎలా తెలిసిందో గానీ మా రేకు ఎత్తు పదిన్నర! ఉత్తరపు గోడకే సున్నం బాగుందని అక్కడే అనుకున్నాను. మానేశాను. రాయగడ తమ్ముడూ, గోడకి ఏమీ తగిలించొద్దన్నావు, మా షెడ్డులో ఖాళీ గోడ అనేదే లేదమ్మా. చూస్తాను. మెరూన్ దారం సంగతి ఎవరూ చెప్పలేదు.

సిరొంచ_స్టూడియో

అక్కా, అది నేను చెప్తాను. మాది సిరొంచ, ప్రాణహిత ఒడ్డు. నాకు ఫొటో స్టూడియో ఉంది, పెళ్ళి ఆల్బంలో చీర రంగు మారిందని మాటలు పడేది నేనే.

రెండు రంగులు ఒక వెలుగులో ఒకేలా ఉండి ఇంకో వెలుగులో వేరుగా కనిపించడం మామూలే. మీ పట్టు అద్దిన రంగు వేరు, దారం అద్దిన రంగు వేరు. ఎండలో అన్ని రంగుల కిరణాలూ ఉంటాయి కాబట్టి తేడా బయటపడుతుంది. చవక ఎల్‌ఈడీలో ముదురు ఎరుపు కిరణాలు తక్కువ. ఎరుపు లేని వెలుగులో మెరూనూ ఇటుక రంగూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి.

సీఆర్‌ఐ అంటే ఆ వెలుగులో రంగులు ఎంత సరిగ్గా కనిపిస్తాయో చెప్పే అంకె. డబ్బా మీద సీఆర్‌ఐ 80 అని చూసి మురిసిపోకండి. అది ఎనిమిది లేత రంగుల సగటు, ముదురు ఎరుపు అందులో లెక్కకే రాదు. దానికి వేరే అంకె ఉంది, ఆర్9 అంటారు. సీఆర్‌ఐ 90 దాటినది, ఆర్9 కూడా రాసి ఉన్నది తీసుకోండి. ఎనిమిదీ మార్చనక్కర్లేదు. దారాలు కలిపే బల్ల మీద ఒక్కటి పెట్టండి, దాన్ని ఆ ఆటోమేటిక్‌కి కలపకండి. ఎప్పుడూ ఒకే వెలుగు. ఆ బల్ల మీద గుడ్డ కూడా తెల్లదో బూడిద రంగుదో ఉండాలి, పూల దుప్పటి వేస్తే కన్ను మోసపోతుంది.

కొత్త డ్రైవర్లు కొనే ముందు ఒకటి తగ్గించి వెలిగించి, దాని కింద పెన్సిల్ గబగబా ఊపి చూడండి. పెన్సిల్ ముక్కలు ముక్కలుగా కనిపిస్తే వద్దు. అంటే అది వెలుగు తగ్గించడానికి గబగబా ఆర్పి వెలిగిస్తోందన్నమాట. మీకు పీకో మిషను కూడా ఉండే ఉంటుంది. అలాంటి లైటు కింద తిరిగే చక్రం ఒక్కోసారి ఆగినట్టు కనిపిస్తుంది, వేలు పెడితే అంతే సంగతులు.

పర్లాకిమిడి_మగ్గం

ఇరవై రోజుల తరవాత రాస్తున్నాను. శ్రావణం ముహూర్తాలతో కుదరలేదు.

మాస్టారి మాట ముందు విన్నాం, ఖర్చు లేనిది కదా. రేకు కింద మల్లు గుడ్డ కట్టాం. ఎండలో రేకు కింద 3,000 ఉన్నది 1,300కి దిగింది, మూలన 180 ఉన్నది 260 అయింది. ఇంత చిన్న పనికి ఇంతా అని ఈయన ఆశ్చర్యపోయారు. పాలరంగు రేకు దసరా తరవాత వేయిస్తారట. లైట్లు రెండడుగులు దించాం, రాత్రి మగ్గం మీద 610 వచ్చింది. బరంపురం తమ్ముడు చెప్పినట్టు రెండు లైన్లు చేయించాను. నిజం చెప్పాలంటే సగం బాధ అక్కడితోనే తీరింది. మూల లైను పొద్దుటి నుంచీ వెలుగుతూనే ఉంటుంది, దాని జోలికి ఎవరూ పోరు.

ఆటోమేటిక్ రేకు కింది నాలుగింటికే పెట్టించాం. ఇక్కడ ఇంజినీరింగ్ చదివే మా అన్నయ్య కొడుకు చేశాడు. వాడు తెచ్చిన మొదటి డ్రైవర్‌కి పెన్సిల్ పరీక్ష పెట్టాను, ముక్కలు ముక్కలుగా కనిపించింది, వెనక్కిచ్చి వేరేది తెమ్మన్నాను. షాపువాడు నన్ను అదోలా చూశాడట. సెన్సర్ తూర్పు గోడ పైభాగం వైపు చూస్తుంది. గోడ మీద పడే వెలుగూ మగ్గం మీద పడే వెలుగూ ఒకే లెక్కలో లేవు, పగలు ఒకలా రాత్రి ఒకలా ఉన్నాయి. వాడు మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి కొలిచి రెండు అంకెలు రాసుకున్నాడు.

వారం రోజులు బాగా నడిచింది. తరవాత ఒక రోజు ఎర్రటి ఎండలో లైట్లు నిండుగా వెలుగుతున్నాయి. వాడికి ఫోన్ చేశాను, ప్రోగ్రాం చూశాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి అన్నాడు. చివరికి చూస్తే ఇస్త్రీ చేసిన నల్ల వెల్వెట్ బ్లౌజు ఒకటి హ్యాంగర్‌తో ఆ గోడకే వేలాడుతోంది. తగిలించింది నేనే! ఇప్పుడా గోడ మీద ఒడియాలో, తెలుగులో రెండింటిలోనూ బోర్డు రాయించాం, ఇక్కడ ఏమీ తగిలించరాదు అని.

అమ్మాయిలకి మొదట్లో నమ్మకం కుదరలేదు. మబ్బు పట్టగానే అలవాటుగా తలెత్తి లైటు వైపు చూసేవారు. ఇప్పుడు చూడటం లేదు. మొన్న పెద్ద వాన పడి ఆగిపోయింది, మూడు మగ్గాల మీదా ఒక్కరూ తలెత్తలేదు. నేనే బయటికెళ్ళి అరుగు తడి చూసి, ఓహో వాన పడిందా అనుకున్నాను.

దారాల బల్లకి మంచి లైటు ఒక్కటి కొన్నాను, ఆన్‌లైన్‌లో. దాని కింద మా పాత మెరూన్ రీళ్ళన్నీ పరిచి చూస్తే పద్నాలుగింట్లో అయిదు మెరూన్లే కావు. సిరొంచ అన్నకి దండం.

ఒక్క బాధ మిగిలింది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడల్లా ఆ నాలుగు లైట్లూ ఒక్కసారిగా నిండుగా వెలిగి, పదిహేను సెకన్లకి తగ్గుతున్నాయి. రోజుకి ఆరేడు సార్లు. కంట్లో కొట్టినట్టుంటోంది.

రాయగడ_సర్క్యూట్

అక్కా, మారే ఆ క్షణంలో బోర్డు ఆరిపోయి మళ్ళీ మొదలవుతోంది. అప్పటిదాకా సన్న వైర్ల మీద ఏ మాటా రాకపోతే డ్రైవర్ నిండు వెలుగే ఇస్తుంది. ఆ వైరు తెగినా మనిషి చీకట్లో పడకూడదని అలా చేశారు. కాబట్టి డ్రైవర్‌ని తిట్టకండి. బోర్డూ ఆ 0–10 మాడ్యూలూ ఆరకుండా చూస్తే చాలు. వైఫై రౌటర్లకి పెట్టే చిన్న యూపీఎస్ ఉంటుంది, 12 వోల్టులది, అది సరిపోతుంది. మాడ్యూల్ మీద 12 వోల్టులు అని రాసి ఉందో లేదో ముందు మీవాణ్ణి చూడమనండి.

పర్లాకిమిడి_మగ్గం

చూశాడు, 12 అనే ఉంది. అలాంటి యూపీఎస్ మా ఇంట్లో ఒకటుంది, కరెంటు పోయినప్పుడు మా ఆయన క్రికెట్ చూసేది దాని పుణ్యమే. శ్రావణం అయ్యేదాకా షెడ్డుకి తెచ్చేస్తున్నాను. ఆయనకి ఇంకా చెప్పలేదు.